ఏడాదికి ఒక్క డాలరు

1979 నవంబరు, వాషింగ్టన్. సెనేట్ బ్యాంకింగ్ కమిటీ గదిలో వెనక వరసలో ఇరుక్కుని కూర్చున్నారు మీరు. టీవీ దీపాల వేడికి మెడ చుట్టూ చెమట పడుతోంది. ఎదురుగా సెనేటర్లు, కింద మైకుల ముందు లీ అయకోకా.

ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం బిడ్డ. 1946లో ఫోర్డ్ కంపెనీలో చేరాడు. 1964లో మస్టాంగ్ కారుతో దేశమంతా పేరు మోగింది. కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాక, 1978 జులై 13న హెన్రీ ఫోర్డ్ మనవడు ఉద్యోగం ఊడబీకాడు. ఇప్పుడు దివాలా అంచున ఉన్న క్రైస్లర్‌కు అధిపతి. ఆ కంపెనీ అప్పులకు ప్రభుత్వాన్ని పూచీ ఉండమంటున్నాడు.

కమిటీ అధ్యక్షుడు విలియం ప్రాక్స్‌మైర్ ససేమిరా అంటున్నాడు. అయకోకా తడబడడు. కంపెనీ కూలితే మొదటి ఏడాదిలోనే ప్రభుత్వం మీద 270 కోట్ల డాలర్ల భారం పడుతుందని ఖజానా శాఖ వేసిన అంచనానే తిప్పి చూపిస్తాడు. అసలు పని మాత్రం ఈ గది బయట సాగుతోంది. ప్రతినిధుల సభలో ఒక్కో సభ్యుడి చేతికీ ఒక జాబితా అందుతోంది: మీ నియోజకవర్గంలో క్రైస్లర్ మీద బతికే డీలర్లు వీరు, విడిభాగాలు చేసేవారు వీరు. చదివే సభ్యుడికి అందులో కనిపించేవి ఓట్లు.

మరో అస్త్రం అతని జీతం. 3 లక్షల 60 వేల డాలర్ల నుంచి ఒక్క డాలరుకు తగ్గించుకున్నాడు. అందరం సమానంగా నష్టపోదాం అని కార్మికుల ముందు అనగలిగింది దాని బలంతోనే. యూనియన్ వేతనాలు వదులుకుంది, దాని నాయకుడు డగ్లస్ ఫ్రేజర్‌కు డైరెక్టర్ల బోర్డులో చోటు దక్కింది. 1980 జనవరి 7న అధ్యక్షుడు కార్టర్ 150 కోట్ల డాలర్ల పూచీ చట్టంపై సంతకం చేశాడు.

1983 జులై 13. మళ్లీ వాషింగ్టన్, నేషనల్ ప్రెస్ క్లబ్. గడువుకు ఏడేళ్ల ముందే బాకీ తీర్చేస్తున్నామని ప్రకటిస్తున్నాడు. తనను గెంటేసి సరిగ్గా ఐదేళ్లు! చప్పట్లు కొట్టండి, తప్పు లేదు. ఆ గెలుపు నిజమైనది.

కానీ 1987 వసంతానికి రండి. షేర్ల రూపంలో వచ్చినదీ కలుపుకుని, 1986లో అయకోకా సంపాదన 2 కోట్ల 5 లక్షల డాలర్లని పత్రికలు రాస్తున్నాయి. ఇతర కార్ల కంపెనీలతో సమానమైన వేతనం కోసం క్రైస్లర్ కార్మికులు 1985లో సమ్మెకు దిగాల్సి వచ్చింది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. నష్టంలో సమానత్వం గురించి అంత గట్టిగా మాట్లాడిన మనిషి, లాభం వచ్చినప్పుడూ అదే గొంతుతో మాట్లాడాల్సింది.

జనం మాత్రం 1988లో అధ్యక్ష పదవికి పోటీ చేయమన్నారు. అతను దిగలేదు. 1991లో పెన్సిల్వేనియా గవర్నర్ ఖాళీ అయిన సెనేట్ స్థానం ఇస్తానన్నా కాదని, 1992 చివరిదాకా క్రైస్లర్ కుర్చీలోనే కొనసాగాడు.