శిస్తు బకాయి వేలము: వారసుల విమోచనాధికారము

భూమిశిస్తు బకాయికై ప్రభుత్వము వేలమున విక్రయించిన భూమిని, పట్టాదారుని వారసులు బకాయి చెల్లించి మరల పొందుటకు గల శాసనసిద్ధమైన హక్కు విమోచనాధికారము. ఆంధ్రదేశమున దీనికి మూలము 1864వ సంవత్సరపు మద్రాసు రెవిన్యూ వసూలు చట్టము. భూమియందు స్వత్వము కలదను వారెవరైనను వేలమునకు ముందుదినమున సూర్యాస్తమయములోపల బకాయి నంతయు చెల్లించి విక్రయమును నిలుపవచ్చును; విక్రయానంతరము సయితము, పిదప చేర్చబడిన 37-ఏ సెక్షను ననుసరించి, 30 దినములలోపల బకాయిని వడ్డీతోను, జప్తు, వేలముల ఖర్చులతోను, కొనుగోలుదారునకై క్రయధనముపై నూటికి 5 వంతుల సొమ్ముతోను ఖజానాలో జమకట్టి, విక్రయమును రద్దుపరుపుమని కోరవచ్చును. మృతుడైన పట్టాదారుని స్వత్వము సంక్రమించిన వారసులకు ఇదియే ముఖ్యరక్షణము. వేలము జరుపుటలో క్రమభంగమో మోసమో జరిగి నష్టము వాటిల్లినచో, 38వ సెక్షను క్రింద 30 దినములలోపల కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవచ్చును. విక్రయము స్థిరపడినపిదప భూమి పూర్వపు తాకట్టు మున్నగు భారములనుండి విముక్తమై కొనుగోలుదారునకు చెందును.