హైదరాబాదులో జంట భాషలు

మీరాలం మండిలో ఉదయపు వేళ కూరగాయలు బేరమాడే ఒక వృద్ధురాలిని ఊహించుకొందాము. అమ్మేవానితో దక్కనీ ఉర్దూలో ధర తగ్గించుమంటుంది. అదే ఊపిరిలో పక్కనున్న కోడలితో, వంకాయలు లేతవి కావని తెలుగులో చెబుతుంది. మరుక్షణములో మళ్ళీ దక్కనీ. ఎక్కడా తడబాటు లేదు. నీకు ఎన్ని భాషలు వచ్చునమ్మా అని అడిగితే, “నాకు చదువు రాదు నాయనా” అని జవాబిస్తుంది. భాష అంటే బడిలో నేర్చేదే కాని, బజారులో ఆడేది లెక్కలోనిది కాదని ఆమె అభిప్రాయము. ఆమెదే కాదు, చదువుకొన్న మనలో చాలమంది అభిప్రాయమూ అదే. పాతనగరపు మాటను విని, ఇటు తెలుగూ కాదు, అటు ఉర్దూ కాదని నవ్వుకొన్నవారమే మనము. ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో ఒకమారు విచారింపవలసియున్నది.

ఈ జంటభాషల జీవితము నిన్న మొన్నటిది కాదు. 1327 లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దేవగిరికి మార్చినప్పుడు ఢిల్లీ ప్రాంతపు కుటుంబములు దక్కనుకు తరలివచ్చినవి. 1347 లో బహమనీ రాజ్యము ఏర్పడినది. ఉత్తరాదినుండి వచ్చిన ఆ భాష ఇక్కడి తెలుగు, మరాఠీ, కన్నడ భాషల నడుమ పెరిగి దక్కనీ అయినది. గోలకొండ పాలకుడైన ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యమునకు రాకముందు ఏడు సంవత్సరములు విజయనగరములో తలదాచుకొన్నవాడు. 1550 నుండి 1580 వరకు పాలించిన ఆయనను తెలుగు కవులు మల్కిభరాముడని అభిమానముతో పిలిచినారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చినాడు. అచ్చ తెలుగు కావ్యములలో మొదటిదైన యయాతి చరిత్రమును పొన్నికంటి తెలగనార్యుడు పటాన్‌చెరువు ప్రభువైన అమీన్‌ఖానునకు అంకితమిచ్చుట మరొక విశేషము. ఇబ్రహీం కుమారుడు ముహమ్మద్ కులీ 1591 లో హైదరాబాదును కట్టించినాడు. ఆయన స్వయముగా దక్కనీ కవి. కుతుబ్ షాహీల ఫర్మానాలు కొన్ని పారశీకముతోపాటు తెలుగులో కూడ వెలువడినవి. పన్ను కట్టే రైతుకు అర్థము కాని ఆజ్ఞవలన సర్కారుకు ప్రయోజనమేమి?

ఇప్పుడే మూడు మాటలు వాడినాను: రైతు, సర్కారు, జవాబు. ఈ మూడింటినీ పరభాషాపదములని ఎవరూ తడుముకోరు. కుర్చీ, ఖర్చు, వకీలు, ఫిర్యాదు మొదలైనవన్నీ ఇట్లే మన ఇంటివైనవి. కాని మాటలు అరువు తెచ్చుకొనుట తేలిక పని. పొరుగువాని భాష రానివాడు కూడ వస్తువుతోపాటు దాని పేరును తెచ్చుకొనగలడు. వాక్యపు కట్టుబాటు అట్లు చేతులు మారదు. అది మారవలెనంటే రెండు భాషలూ ఒకే మనస్సులో, తరతరములుగా కాపురము చేయవలెను.

దక్కనీలో సరిగా అదే జరిగినది. “రేపు వస్తానని చెప్పినాడు” అని మనమంటాము. చెప్పిన సంగతి ముందు వస్తుంది, తరువాత “అని”, ఆ తరువాత క్రియ. ఈ “అని” ఎక్కడిది? “అను” అనే ధాతువు నుండి పుట్టినది. ఢిల్లీ ఉర్దూలో ఈ ఏర్పాటు లేదు. అక్కడ “ఉస్‌నే కహా” అని మొదలుపెట్టి, “కి” అనే మాటను నిలిపి, చెప్పిన సంగతిని చివరకు చేరుస్తారు. హైదరాబాదువాడు మాత్రము “కల్ ఆతూఁ బోల్కే బోలా” అంటాడు. బోల్కే అంటే “అని”. బోల్ అనే క్రియకు అర్థము చెప్పుటయే. మాటలన్నీ ఉత్తరాదివి, వాటిని కూర్చిన తీరు మనది. ఇంకొక వింత చూడండి. తెలుగులో “అని” కారణమును కూడ చెబుతుంది: “వాన వచ్చిందని ఆగినాను.” దక్కనీలోనూ అంతే: “పానీ ఆయా బోల్కే రుక్ గయా.” ఇక్కడ ఎవరూ ఏమీ పలికినది లేదు, అయినా బోల్కే వచ్చినది. తెలుగు “అని” చేసే పనులన్నీ ఎరిగిన మనస్సే ఈ పదమును తీర్చినదని దీనివలన స్పష్టమగుచున్నది.

భిన్న కుటుంబములకు చెందిన భాషలు ఒకే దేశములో కలిసి బ్రతికి, లక్షణములను పంచుకొంటవని 1956 లో ఎమెనో పండితుడు భారతదేశమంతటినీ ఉదాహరణముగా చూపి వ్రాసినాడు. మన షాలిబండ, లాడ్ బజారు వీధులు ఆ సిద్ధాంతమునకు నడిచే నిదర్శనములు. మనము తప్పు అని దిద్దబోయిన వాక్యములో ఆరు వందల సంవత్సరముల సహజీవనము దాగియున్నది.

ఇక రెండు భాషలు ఒకే తలలో ఎట్లు ఇముడుచున్నవి? 1861 లో పారిస్ వైద్యుడు బ్రోకా ఒక రోగిని పరీక్షించినాడు. ఎదుటివారి మాట అతనికి అర్థమయ్యేది, కాని నోటివెంట “టాన్” అనే ఒక్క ధ్వనియే వచ్చేది. అతడు మరణించిన పిమ్మట మెదడును చూడగా ఎడమవైపు ముందు భాగము చెడియున్నది. 1874 లో జర్మనీలో వెర్నికె, మాట గ్రహించుటకు సంబంధించిన మరొక భాగమును వెనుకవైపు గుర్తించినాడు. భాషకు శరీరములో ఇల్లు ఉన్నదని లోకమునకు తెలిసినది. ఒక ఇంటిలో ఇద్దరు ఉంటే ఇరుకు కాదా అని ఆ తరువాత పండితులు శంకించినారు. రెండు భాషలు పిల్లల బుద్ధిని మందగింపజేయునని 20వ శతాబ్ది తొలి దశకములలో గట్టిగా నమ్మినారు. 1962 లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు పదేండ్ల పిల్లలను పరీక్షించగా, రెండు భాషల పిల్లలే మెరుగుగా కనిపించినారు.

నేటి శాస్త్రజ్ఞుల అవగాహన ఇది: రెండు భాషలు వచ్చినవాడు ఒకటి మాట్లాడునప్పుడు రెండవది నిద్రపోదు. అది కూడ పెదవి దాక వస్తుంది. దానిని ఆపి, కావలసినదానిని ముందుకు పంపుట మెదడుకు నిత్యము తప్పని పని. మీరాలం మండిలో మన వృద్ధురాలు తెలియకుండ చేయుచున్న సాధన అదియే.

ఆ సాధనకు ఫలమున్నదా అనే ప్రశ్నకు హైదరాబాదే ఒక సమాధానము ఇచ్చినది. పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరపు వ్యాధిగ్రస్తులు 648 మంది వివరములను పరిశీలించి 2013 లో ప్రకటించినారు. వారిలో 391 మంది ఒకటికి మించి భాషలు వచ్చినవారు. ఒకే భాష గలవారికి వ్యాధి సగటున 61.1 సంవత్సరముల వయస్సులో కనిపించగా, తక్కినవారికి 65.6 లో కనిపించినది. అనగా నాలుగున్నర సంవత్సరముల ఆలస్యము. అంతకుముందు 2007 లో కెనడాలోని టొరాంటోలో ఇటువంటి ఫలితమే వచ్చినది. కాని అక్కడ రెండు భాషలవారిలో పరదేశమునుండి వలస వచ్చినవారే ఎక్కువ. ఆలస్యమునకు కారణము భాషయా, వలసయా అనే సందేహము మిగిలినది. హైదరాబాదులో ఆ సందేహమునకు తావు లేదు. ఇక్కడివారు రెండవ భాషను వెదకుచు ఎక్కడికీ పోలేదు, అది వారి గడపలోనే ఉన్నది. చదువు మాటేమిటి అన్నవారికి కూడ సమాధానమున్నది: అక్షరము రాని రోగులలో సైతము ఈ తేడా కనిపించినది. మూడవ భాషవలన మాత్రము అదనపు లాభము కనిపించలేదు.

2016 లో అదే సంస్థనుండి 608 మంది పక్షవాత రోగులను గురించిన ఫలితములు వెలువడినవి. పక్షవాతము తరువాత బుద్ధిశక్తి చెడకుండ నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది, ఒకే భాషవారిలో సుమారు 20 మంది. అయితే మాట పడిపోవుట అనే బాధ ఇరువురిలోను ఇంచుమించు సమానమే. భాషలు రెండైనంత మాత్రాన మాటకు రక్షణ లేదు. రక్షణ దొరికినది ఆలోచనకు.

ఇంతటితో వివాదము ముగిసినదని చెప్పరాదు. ఆరోగ్యవంతులైన వృద్ధులను ఏండ్ల తరబడి గమనించిన కొన్ని విదేశ పరిశోధనలలో ఈ మేలు కనిపించలేదు. రెండవ భాష మందు కాదు. అది వ్యాధిని తొలగించునని ఎవరూ అనలేదు, కొంత కాలము వెనుకకు నెట్టుచున్నదని మాత్రమే హైదరాబాదు లెక్క. కాని మతి తప్పుచున్న తల్లిని ఇంటిలో పెట్టుకొన్నవారికి నాలుగున్నర సంవత్సరములంటే ఎంతో తెలియును. అది మనుమడి పేరును గుర్తుంచుకొని పిలిచే కాలము.

అందుచేత ఇండ్లలో జరుగుచున్న ఒక మార్పు మనకు ఆందోళన కలిగింపవలెను. పిల్లల చదువు చెడునేమో అని తల్లిదండ్రులు ఇంటి మాటను మాన్పించి, బడి మాట ఒక్కటే మిగుల్చుచున్నారు. వీధి మాట మోటు అని పొరుగు పిల్లలతో కలియనీయకున్నారు. భయము మంచిదే, అది చూచే దిక్కు తప్పు. నాయనమ్మ తెలుగు, పొరుగింటి అత్తగారి దక్కనీ ఒకదానినొకటి చెరుపవు. మాటకు నిలుకడ లేనివానిని “రెండు నాలుకలవాడు” అని నిందించుట మనకు అలవాటు. ఆ నింద అబద్ధమాడేవానికి చెందనీయండి. ఉన్న ఒక్క నాలుకతో ఇద్దరు పొరుగువారికి వారి వారి మాటలో బదులు చెప్పగల ఆ వృద్ధురాలికి చదువు రాదని మాత్రము ఇకమీదట మనము అనరాదు.