బటన్ ఫోను, టచ్ ఫోను: దోహా జీతం, ఊరి చదువు

ఈసారి చరిత్ర రాస్తున్నాను. రాజుల చరిత్ర కాదు, ఫోన్ల చరిత్ర.

ముందు కొన్ని మాటలు నేర్చుకుందాం. పేపర్లో మొబైల్‌ను ‘చరవాణి’ అని, ఇంటర్నెట్‌ను ‘అంతర్జాలం’ అని రాస్తారు. నాకు రెండూ ఇష్టమే, కానీ ఇక్కడ దోహాలో నేను కలిసిన తెలుగువాళ్లు ఎవరూ అలా అనరు. వాళ్లకు ఫోన్లు రెండే రకాలు: బటన్ ఫోను, టచ్ ఫోను. ఇంకో మాట ‘దుబాయి’. తెలంగాణ పల్లెల్లో మనిషి ఖతర్‌కు పోయినా చాలామంది ‘దుబాయి పోయిండు’ అనే అంటారు.

ఖతర్‌లో కూలిపని చేసేవాళ్ల పిల్లలు చాలావరకు ఖతర్‌లో ఉండరు. కుటుంబ వీసా కావాలంటే జీతం చాలా ఎక్కువ ఉండాలి. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస వేతనం నెలకు 1,000 రియాల్స్. (కనీస వేతనం అంటే, ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని చట్టం చెప్పిన జీతం.) ఆ జీతంతో వీసా రాదు. అందుకే నాన్న దోహాలో ఉంటాడు, పిల్లలు జగిత్యాలలోనో సిరిసిల్లలోనో కడపలోనో చదువుకుంటారు. వాళ్ల ఫోను కొనేది మాత్రం దోహా జీతమే.

ఖతర్‌లో ఇంటర్నెట్ 1996లో వచ్చింది. మొదట క్యూటెల్ ఒక్కటే కంపెనీ. 2009లో వోడాఫోన్ వచ్చాక పోటీ మొదలైంది. 2013లో క్యూటెల్ పేరు ఊరిడూగా మారింది. కానీ నాన్న దగ్గర నెట్ ఉంటే సరిపోదు, ఊళ్లో కూడా ఉండాలి కదా! అది 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక మారింది. నెట్ ధర ఒక్కసారిగా పడిపోయింది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో జియోఫోన్ ఇచ్చారు. చూడటానికి బటన్ ఫోనే, లోపల 4జీ. అందులోకి వాట్సాప్ 2018లో గానీ రాలేదు.

అసలు కథ 2020లో ఉంది.

మార్చి 17న దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో 1 నుంచి 32 వరకు ఉన్న వీధులను మూసేశారు. అక్కడ ఉండేది ఎక్కువగా కార్మికులే. మే 22 నుంచి ఇల్లు దాటాలంటే ఫోనులో ‘ఎహ్తెరాజ్’ యాప్ ఉండాల్సి వచ్చేది. లేకపోతే 2 లక్షల రియాల్స్ వరకు జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు ఉండేవి. ఆ యాప్ బటన్ ఫోనులో నడిచేది కాదు.

సెప్టెంబర్ 1న తెలంగాణ సర్కారు బడుల్లో డిజిటల్ క్లాసులు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చేవి. టీవీ మంచి ఆలోచనే అని నేను అనుకుంటాను, ఎందుకంటే టచ్ ఫోను లేని ఇంట్లో కూడా టీవీ ఉంటుంది. కానీ టీవీని ప్రశ్న అడగలేం. వేరే వేరే తరగతుల పిల్లలు ఇద్దరుంటే, ఒకే టైముకు పాఠాలు వస్తే ఒకళ్లకే టీవీ. హోంవర్కుకు వాట్సాప్ కావాలి, అంటే టచ్ ఫోను గానీ జియోఫోన్ గానీ కావాలి.

ఆ ఏడాది అసర్ సర్వే లెక్క ప్రకారం, దేశంలో పల్లె బడిపిల్లల ఇళ్లలో టచ్ ఫోను ఉన్నవి 61.8 శాతం. 2018లో అది 36.5 శాతమే. పని లేని ఏడాదిలో కూడా జనం ఫోన్లు కొన్నారు! ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో సర్వే చెప్పదు. నేను మాత్రం దోహాను తలుచుకుంటాను: ఒకే జీతం, రెండు టచ్ ఫోన్లు. ఒకటి నాన్న బయటికి వెళ్లడానికి, ఒకటి పిల్ల లోపల కూర్చొని చదవడానికి.

2022 డిసెంబర్ 18న లుసైల్‌లో ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. మూడు రోజుల తర్వాత, 21న, ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. 4.5 లక్షలకు పైగా పిల్లలకు ఉచితంగా! నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలు ముందే అందులో వేసి ఇచ్చారు. ట్యాబు చదువు కోసమే. దోహా నుంచి నాన్న కాల్ ఎప్పటిలాగే అమ్మ ఫోనుకే వస్తుంది, దానికి నెట్ రీచార్జి చేయించేది కూడా నాన్న జీతమే.