గోధుమలు తెచ్చిన పుస్తకాలు: విస్కాన్సిన్‌లో తెలుగు చదువు

2003 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో దిగాను. డిసెంబరు వచ్చేసరికి అపార్ట్‌మెంట్‌లో హీటర్ బిల్లు చూసి భయమేసి, సాయంత్రాలు యూనివర్సిటీ మెమోరియల్ లైబ్రరీలో గడపడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆల్గోరిథమ్స్ చదివి చదివి విసుగొచ్చి పుస్తకాల అరల మధ్య తిరుగుతుంటే తెలుగు అక్షరాలు కనబడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు, అరల నిండా తెలుగే. విశ్వనాథ, చలం, రావిశాస్త్రి, పేరు వినని జిల్లా కవులు, పంచాంగాలంత పల్చటి కథల సంపుటాలు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో అందులో పదోవంతు కూడా ఉండేవి కావు. కొన్నిటి లోపల అట్ట మీద "పి.ఎల్. 480" అని ఉంది.

ఆ అంకె మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. బళ్ళో అమెరికా పాలపొడి కలిపిన పాలు తాగానని మా నాన్నగారు చెప్పేవారు. 1954లో అమెరికా చేసిన చట్టం అది. మనకు పంపిన గోధుమలకు డాలర్లు అడగకుండా రూపాయలే తీసుకున్నారు. ఆ రూపాయలు మన దేశంలోనే పేరుకుపోయాయి. 1958లో చట్టాన్ని సవరించి, ఆ సొమ్ములో కొంత పుస్తకాలు కొనడానికి వాడొచ్చన్నారు. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఢిల్లీ కార్యాలయం దేశభాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని, అమెరికాలోని కొన్ని యూనివర్సిటీలకు ఓడల్లో పంపింది. మనవాళ్ళు తిన్న గోధుమల ఖరీదు పుస్తకాలై ఇక్కడికి చేరిందన్నమాట!

పుస్తకాలు సరే, చదివేవాళ్ళెవరు? దానికి రష్యా సాయం చేసింది. 1957లో స్పుత్నిక్ ఎగిరింది. మరుసటి ఏడే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, ఇతర దేశాల భాషలు నేర్పే యూనివర్సిటీలకు డబ్బిచ్చింది. ఆ భాషల్లో తెలుగూ ఒకటి. గురజాడ మీద ప్రేమతో కాదు, రష్యా మీద భయంతో! అంతకు ముందు కూడా కొంత పని జరగకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1957లో డాక్టరేటు పొందారు. తెలుగు ధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. అదే పెన్సిల్వేనియాలో ధ్వనిశాస్త్రవేత్త లీ లిస్కర్ 1963లో మాట్లాడే తెలుగుకి వాచకం రాశారు. అయితే తెలుగు సాహిత్యం, చరిత్ర కలిపి ఏళ్ళ తరబడి ఒక బడిలా నడిచింది మాత్రం మాడిసన్‌లోనే అని నా అభిప్రాయం.

ఏలూరు నుంచి వెల్చేరు నారాయణరావు గారు 1971లో మాడిసన్ వచ్చారు. ఆయన పదవికి శ్రీకృష్ణదేవరాయల పేరు ఉండేది. మంచు గడ్డకట్టే సరస్సుల ఒడ్డున రాయలవారి పేరుతో ఒక ఆచార్యపీఠం! ఆయన అనువాదాల గురించి మీలో చాలామందికి తెలుసు. ధూర్జటి, పాల్కురికి సోమన, క్షేత్రయ్య, పింగళి సూరన, అన్నమయ్య, గురజాడ ఇంగ్లీషులోకి వెళ్ళడంలో ఆయన చెయ్యి ఉంది. నాకు అంతకన్నా ఆశ్చర్యంగా తోచేది ఆ యూనివర్సిటీలో చదివి వెళ్ళిన వాళ్ళు.

జీన్ రోఘేర్ అనే ఆయన పల్నాడు వెళ్ళి, వీరవిద్యావంతుడు అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరకథను రికార్డు చేసి, అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా తెచ్చారు. మనం ఎన్.టి.ఆర్. సినిమాలో చూసిన బ్రహ్మనాయుడు ఒకరు, గాలెయ్య పాటలోని బ్రహ్మనాయుడు ఇంకొకరు. ఫిలిప్ వాగనర్ రాయవాచకాన్ని 1993లో ఇంగ్లీషు చేశారు. కృష్ణరాయల కాలపు కథే అయినా, అది చాలా తరవాత మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిందని ఆయన వాదన. పీటర్ ష్మిట్‌హెన్నర్ సి.పి. బ్రౌన్ మీద పుస్తకం రాశారు.

వీరిలో సింథియా టాల్‌బట్ గారి పని దగ్గర కాస్త ఆగాలి. ఆవిడ కాకతీయుల కాలపు శాసనాలు వందల కొద్దీ చదివి, ఎవరు ఏ గుడికి ఏమిచ్చారు, తమ గురించి ఏమని చెప్పుకున్నారు అని లెక్క కట్టారు. డేటాబేస్‌లతో బతికే నాలాంటివాడికి ఆ పద్ధతి చూడగానే నచ్చింది. 2001లో వచ్చిన ఆ పుస్తకం చెప్పేదేమంటే, ఆ శాసనాల్లో దాతలు తమ కులం పేరు చెప్పుకోవడం చాలా అరుదు. చెప్పుకున్నది బిరుదు, పదవి, చేసిన పని. రెడ్డి, నాయకుడు వంటి మాటలు అప్పట్లో సంపాదించుకునే హోదాలు. మన సంఘాల చరిత్ర తెలిసినవారికి ఈ పుస్తకం ఎందుకు చదవమంటున్నానో వేరే చెప్పక్కరలేదు.

ఇంత జరుగుతున్న చోట నేను రెండేళ్ళున్నాను. మా కంప్యూటర్ సైన్స్ భవనం నుంచి భాషలు చెప్పే వాన్ హైజ్ హాల్‌కి నడిస్తే పది నిమిషాలు. ఒక్క తెలుగు క్లాసుకీ వెళ్ళలేదు. మనకి వచ్చిన భాషే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది అనుకున్నాను. ఒకరోజు లైబ్రరీలో ఒక అమెరికన్ అమ్మాయి, "మీరు తెలుగువారేనా అండీ?" అని తెలుగులోనే అడిగి, ద్రుతప్రకృతికాల గురించి ఒక సందేహం చెప్పింది. పదో తరగతిలో తొంభై మార్కులు తెచ్చుకున్న నేను నీళ్ళు నమిలాను. ఆ అమ్మాయి నాన్న పాడిపశువులు పెంచే రైతట. ఆ పిల్లకు ద్రుతం తెలుసు, నాకు జావా తెలుసు.

నారాయణరావు గారు మాడిసన్‌లో పదవీ విరమణ చేశాక అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో కూడా పాఠాలు చెప్పారు. ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో నడిచే చోట ఒక ప్రొఫెసర్ దిగిపోతే ఆ స్థానం మళ్ళీ నిండుతుందో లేదో బడ్జెట్ చేతిలో ఉంటుంది. శాశ్వత నిధి ఉన్న పీఠానికి ఆ బెంగ తక్కువ. అసలు కదలదు, వడ్డీతో జీతం. ఎమరీలో తెలుగువారి విరాళంతో అలాంటి పీఠం వచ్చింది. దానిలో ఉన్న హర్షిత కామత్ గారు, నారాయణరావు గారు కలిసి చేసిన నంది తిమ్మన పారిజాతాపహరణం అనువాదం 2022లో వెలువడింది. ఇంత పెద్ద దేశంలో ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడు రోజుల సభలకి మనం పెట్టే ఖర్చు ఎంతో కమిటీలో పనిచేశాను కనుక నాకు తెలుసు. ఆ లెక్క ఇక్కడ రాస్తే వచ్చేసారి భోజనాల కమిటీలో వేస్తారు.

పోయిన వేసవిలో మా అమ్మాయికి కాలేజీలు చూపిస్తూ మాడిసన్ తీసుకెళ్ళాను. అంతకు ముందు వారం చూసిన ఒక కాలేజీలో, భాష క్రెడిట్‌కి తెలుగు ఉందా అని తనే అడిగింది. లేదన్నారు. మెమోరియల్ లైబ్రరీలో పాత అర వెతికి పట్టుకున్నాను. రావిశాస్త్రి కథల పుస్తకం తీసి చేతికిస్తే, పేరు కూడబలుక్కుని చదివింది. "నాన్నా, ఇదేంటి?" అని వెనక అట్ట లోపల అతికించిన కాగితం చూపించింది. పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీల ముద్రలు అవి. ఆఖరిది 2004 మార్చి. అది తీసుకెళ్ళింది బహుశా నేనే.