కెనిల్‌వర్త్ కోట

ఇంగ్లండ్ నడిమధ్య వారిక్‌షైర్‌లో, వారిక్, కోవెంట్రీ పట్టణాల నడుమ ఉన్న మధ్యయుగపు కోట కెనిల్‌వర్త్. ఆ ప్రాంతంలో దొరికే ఎర్రటి ఇసుకరాయితో దీన్ని కట్టారు. 1120ల నుంచి 1649 దాకా, ఐదు శతాబ్దాలకు పైగా, ఇది రాజులకూ నెలవైంది, రాజు మీద తిరగబడ్డవారికీ నెలవైంది. ఇప్పుడు మిగిలినవి పచ్చిక బయళ్ల మధ్య నిలబడిన శిథిలాలు. ఆ పచ్చికలో చాలా భాగం ఒకప్పుడు కోటకు పడమర, దక్షిణ దిక్కుల్లో నిండుగా పరుచుకున్న చెరువు. ఈ కోట బలం రాతిలో ఎంత ఉందో, అంతకన్నా ఎక్కువగా ఆ నీటిలో ఉంది. తర్వాతి కాలంలో దీనికి వచ్చిన అందానికీ నీరే ఆధారం.

పుట్టుక

కోటకు పునాది వేసినవాడు జెఫ్రీ డి క్లింటన్. ఇతను మొదటి హెన్రీ కొలువులో కోశాధికారి. గొప్ప వంశంలో పుట్టినవాడు కాడు, రాజు చలవతో పైకి వచ్చినవాడు. పక్కనే ఉన్న వారిక్ ప్రభువు రోజర్ మీద రాజుకు నమ్మకం తక్కువ. అందుకే అతని వాకిట్లోనే తన మనిషిని నిలబెట్టాడు. క్లింటన్ 1120లలో కోటతో పాటు దాని చెంతనే అగస్టీనియన్ సన్యాసులకు ఒక మఠాన్ని కూడా కట్టించాడు.

నేటికీ కోట మీద పెత్తనం చేస్తున్నట్టు కనిపించే ప్రధాన బురుజు మొదటి నిర్మాణాల్లోనిదే. మూలలకు నాలుగు చదరపు గోపురాలు, పాదం దగ్గర సుమారు 5 మీటర్ల మందం గోడలు. అడుగు అంతస్తును గదిగా వాడకుండా మట్టితో నింపేశారు. గునపాలతో గోడను పొడిచినా లోపల దొరికేది మట్టే. నివాసమంతా పై అంతస్తులో ఉండేది. ఇంత బరువైన బురుజు కట్టడంలో రక్షణ ఒక్కటే ఉద్దేశం కాదనిపిస్తుంది. వారిక్ ప్రభువు గుర్రమెక్కి ఇటు వచ్చిన ప్రతిసారీ రాజు బలం ఎంతటిదో చూసి వెళ్లాలి.

1173లో రెండో హెన్రీ మీద అతని కొడుకులే తిరుగుబాటు చేసినప్పుడు రాజు ఇక్కడ సొంత సైన్యాన్ని దించాడు. తర్వాత కోటను క్లింటన్ వంశానికి తిరిగి ఇవ్వలేదు.

చెరువు

కెనిల్‌వర్త్‌ను నీటికోటగా మార్చింది జాన్ రాజు. 1210-1215 మధ్య అతను ఈ కోట మీద 1,000 పౌండ్లకు పైగా ఖర్చుపెట్టాడు. ఆనాటి లెక్కలో అది భారీ మొత్తం. కొత్తగా రాతి ప్రాకారం లేచింది. ఒక మూలన లన్ బురుజు, కట్ట మీది దారికి కాపలాగా మార్టిమర్ బురుజు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి వాగులకు అడ్డంగా వేసిన కట్టను బలపరిచి ఎత్తు పెంచడం. దాంతో పల్లమంతా నీటితో నిండి దాదాపు 100 ఎకరాల చెరువైంది. ఉత్తరాన చెరువు లేని వైపు అగడ్త తవ్వారు. దక్షిణం నుంచి కోటలోకి వచ్చేవారికి ఆ ఇరుకైన కట్ట ఒక్కటే దారి. కట్ట తెగితే చెరువు పోతుంది కనుక దాని అవతలి కొసను కూడా 'బ్రేస్' అనే మట్టి కోటతో కాపాడుకున్నారు.

ఇంత నీరు దేనికన్నదానికి జవాబు జాన్ చేతలలోనే ఉంది. 1215లో అతను కెంట్‌లోని రాచెస్టర్ కోటను ముట్టడించి, బురుజు మూల కింద సొరంగం తవ్వించి, కొయ్య దూలాలు నిలిపి, 40 పందుల కొవ్వుతో వాటిని తగలబెట్టించాడు. ఆ మూల అంతా కూలిపోయింది. ఆ కాలంలో రాతికోటకు అసలైన శత్రువు ఇలాంటి సొరంగమే. నీటి కింద సొరంగం తవ్వలేరు. రాళ్లు విసిరే యంత్రాలను గోడ దగ్గరికి తేలేరు, నిచ్చెనలు వేయలేరు.

1266 ముట్టడి

ఈ ఏర్పాటుకు పరీక్ష జాన్ కొడుకు మూడో హెన్రీ చేతుల్లోనే జరగడం చరిత్రలోని విచిత్రం. హెన్రీ 1244లో కోటను తన బావమరిది, అంటే చెల్లెలు ఎలినార్ భర్త అయిన సైమన్ డి మాంట్‌ఫర్ట్‌కు అప్పగించాడు. కొన్నేళ్లకు ఆ సైమనే రాజు ఇష్టారాజ్యాన్ని అడ్డుకునే ప్రభువులకు నాయకుడయ్యాడు. 1264లో లూయిస్ దగ్గర రాజును ఓడించి బందీగా పట్టుకున్నాడు. 1265 జనవరిలో పట్టణాల ప్రతినిధులను కూడా పిలిచి పార్లమెంటు జరిపాడు.

అదే ఏడాది ఆగస్టు ఆరంభంలో అంతా తలకిందులైంది. తండ్రికి సాయంగా బయలుదేరిన చిన్న సైమన్ సైన్యం కెనిల్‌వర్త్ చేరి, కోటలోకి పోకుండా బయట ఊళ్లోనే విడిది చేసింది. యువరాజు ఎడ్వర్డ్ తెల్లవారుజామున వచ్చి మీద పడ్డాడు. చెరువు, అగడ్త, ప్రాకారం అన్నీ పక్కనే ఉన్నా అవి ఆ సైనికులకు అక్కరకు రాలేదు. ఆగస్టు 4న ఈవ్‌షామ్ యుద్ధంలో పెద్ద సైమన్ చనిపోయాడు. మిగిలిన తిరుగుబాటుదారులు కెనిల్‌వర్త్‌లోకి చేరి తలుపులు మూసుకున్నారు.

లోపల వెయ్యిమందికి పైగా ఉన్నారు. నాయకుడు హెన్రీ డి హేస్టింగ్స్. లొంగిపొమ్మని రాజు పంపిన దూత చెయ్యి నరికి వెనక్కి పంపడంతో రాజీకి దారి మూసుకుపోయింది. 1266 జూన్‌లో రాజసైన్యం కోటను చుట్టుముట్టింది. విలుకాళ్లను ఎక్కించిన భారీ కొయ్య గోపురాలను కట్టించారు. వాటిని కోటలోని యంత్రాలు రాళ్లతో కొట్టాయి. చెరువు మీదుగా రాత్రివేళ దాడి చేయడానికి చెస్టర్ నుంచి పడవలు రప్పించారు. అదీ ఫలించలేదు.

పోప్ ప్రతినిధిగా వచ్చిన కార్డినల్ ఒట్టోబువోనో గోడల ముందు నిలబడి లోపలివారందరినీ మతం నుంచి వెలివేశాడు. జవాబుగా కోటలోని ఒకడు మతాచార్యుడి వేషం కట్టుకుని గోడెక్కి, కార్డినల్‌నూ రాజునూ తాను వెలివేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ ఒట్టోబువోనోయే 1276లో కొద్ది వారాలు పోప్‌గా ఉన్నాడు.

బలంతో పని కాదని తేలాక రాజు పక్షం చట్టాన్ని ఆశ్రయించింది. అక్టోబర్ 31న వెలువడిన 'కెనిల్‌వర్త్ తీర్పు' ప్రకారం తిరుగుబాటుదారులు జరిమానా కట్టి తమ భూములను తిరిగి తీసుకోవచ్చు. చాలామందికి ఆ జరిమానా ఐదేళ్ల భూమి ఆదాయం. దూత చెయ్యి నరికించిన పాపానికి హేస్టింగ్స్‌కు ఏడేళ్లది. కోటలోనివారు ముందు ఒప్పుకోలేదు. చివరికి ఆకలి, రోగాలు ఒప్పించాయి. డిసెంబర్ మధ్యలో, దాదాపు ఆరు నెలల తర్వాత, తలుపులు తెరిచారు. ఇంగ్లండ్ గడ్డ మీద జరిగిన మధ్యయుగ ముట్టడుల్లో అతి పొడవైనదిగా దీన్ని చెబుతారు. ఇంత పోరాటంలోనూ కోటను ఎవరూ గెలవలేదన్నది మరిచిపోకూడదు. తలుపులు లోపలినుంచే తెరుచుకున్నాయి.

రాజు సింహాసనం వదిలిన చోటు

తర్వాత కోట మూడో హెన్రీ చిన్న కొడుకు ఎడ్మండ్‌కు, అతని ద్వారా లాంకాస్టర్ వంశానికి దక్కింది. 1326 చివర్లో భార్య ఇసబెల్లా చేతిలో ఓడిన రెండో ఎడ్వర్డ్‌ను ఇక్కడే బంధించారు. 1327 జనవరిలో పార్లమెంటు ప్రతినిధులు వచ్చి అతని చేత సింహాసనం వదిలించారు. ఆస్థాన నిర్వాహకుడు తన అధికార దండాన్ని అందరి ముందు విరిచేయడంతో ఆ రాజు కొలువు ముగిసింది.

విలాసం

1370ల నుంచి లాంకాస్టర్ ప్రభువు జాన్ ఆఫ్ గాంట్ లోపలి ఆవరణను రాజభవనంగా తిరిగి కట్టించాడు. అతని మహామందిరం మొదటి అంతస్తులో, రాతి కమానుల మీద నిలిచింది. పొడవు 27 మీటర్లు, వెడల్పు 14 మీటర్లు, లోపల ఒక్క స్తంభం లేదు. పైకప్పు బరువంతా వడ్రంగుల పనితనం మోసింది. ఆ కప్పు పోయింది కానీ నిలువెత్తు కిటికీల చట్రాలు, వాటి వారన కూర్చునే రాతి అరుగులు ఇంకా ఉన్నాయి. నా దృష్టిలో ఈ శిథిలాల్లో అన్నిటికన్నా గొప్పది ఈ మందిరమే. రెండు వైపులా రెండు బురుజులతో దాని ముఖం చెరువు వైపు తిరిగి ఉంటుంది. అంతకుముందు శత్రువును దూరం పెట్టిన నీరు గాంట్ కాలానికి భోజన వేళ చూసి ఆనందించే దృశ్యమైంది.

ఐదో హెన్రీ 1414లో చెరువు అవతలి కొసన కందకాలతో ఒక విడిది కట్టించాడు. పడవలో వెళ్లి సేద తీరడానికే అది.

1563లో రాణి ఎలిజబెత్ ఈ కోటను తనకు ఎంతో ఇష్టుడైన రాబర్ట్ డడ్లీకి ఇచ్చింది. మరుసటి ఏడు అతను లెస్టర్ ప్రభువయ్యాడు. రాణి విడిది కోసమే ఒక నాలుగంతస్తుల భవనం, కొత్త సింహద్వారం కట్టించాడు. పాత బురుజు గోడలను తొలిచి పెద్ద కిటికీలు పెట్టించాడు. ముట్టడికి భయపడేవాడు ఎవడూ ఆ పని చేయడు. 1575 జూలైలో రాణి 19 రోజులు ఇక్కడ ఉంది. చెరువులో దివిటీలతో తేలే ద్వీపం మీద 'సరస్సు కన్య' వచ్చి ఆమెకు స్వాగతం పలికింది. బాణసంచా నీటి మీద కాలింది, కోవెంట్రీ జనం తమ నాటకం ఆడారు. పెళ్లిని పొగిడే ఒక రూపకాన్ని మాత్రం వానల సాకుతో ఆడకుండానే వదిలేశారు. డడ్లీ మనసులోని కోరిక ఏదో రాణికి అంతకు ముందే తెలుసు. అతను 1588లో అప్పులతో చనిపోయాడు.

కూల్చివేత, తర్వాత

రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలంలో కోట పార్లమెంటు సేనల చేతికి వచ్చింది. రాజపక్షం మళ్లీ వాడుకోకుండా 1649లో దీన్ని పాడుచేయమని ఆజ్ఞ వెళ్లింది. ప్రధాన బురుజు ఉత్తర గోడను పడగొట్టారు, ప్రాకారాన్ని తెగ్గొట్టారు, చెరువు కట్టను తెంచారు. నీరు పోయాక అడుగు నేల పొలమైంది. ఆ పని చేయించిన కర్నల్ హాక్స్‌వర్త్ భూములను తోటి అధికారులతో పంచుకుని, డడ్లీ సింహద్వారాన్నే ఇల్లుగా మార్చుకుని కాపురమున్నాడు. అది చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం అదే.

1821లో వాల్టర్ స్కాట్ 'కెనిల్‌వర్త్' నవలతో కోటకు పాఠకలోకమంతటా పేరొచ్చింది. అందులో డడ్లీ భార్య ఏమీ రాబ్సార్ట్ 1575 ఉత్సవాల వేళ కోటలో కనిపిస్తుంది. నిజానికి ఆమె 1560లోనే చనిపోయింది. 1937లో కార్ల, విమానాల పరిశ్రమాధిపతి జాన్ సిడ్లీ కోటను కొన్నాడు. 1958లో అది పట్టణ ప్రజల పరమైంది. 1984 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నిర్వహిస్తోంది. 1575 నాటి ఒక ఉత్తరంలోని వర్ణన, తవ్వకాల్లో దొరికిన ఎనిమిది మూలల ఫౌంటెన్ పునాది ఆధారంగా ఆ సంస్థ 2009లో డడ్లీ ఉద్యానవనాన్ని మళ్లీ వేసింది. చలువరాతి ఫౌంటెన్, పక్షిశాల అందులో ఉన్నాయి.