యాగంటి బసవన్న - పెరుగు శిల

నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో ప్రజలు శిలను కేవలము జడపదార్థముగా నెంచలేదు. ఎగువ అహోబిలము పైని ఉగ్రస్తంభమను కొండరాతిని నరసింహుడు చీల్చుకొని వెలువడిన స్తంభమని భక్తులు సేవింతురు. దేవతాశిల్పమునకు పేరుగన్న ఊరు ఆళ్లగడ్డ. ఆ శిల్పమునకు మూలమైన శాస్త్రములు సైతము రాతిని మీటి, నాదమునుబట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల యని విభజించినవి. రాతికి ప్రాణధర్మము నారోపించుట పామరులకును శాస్త్రజ్ఞులకును సమానమే.

ఈ భావన మిక్కిలి స్పష్టముగా గోచరించునది బనగానపల్లె సమీపమునందలి యాగంటిలో. అగస్త్యుడు ప్రతిష్ఠింపదలచిన వేంకటేశ్వర విగ్రహము కాలిగోరు విరుగుటచే పూజార్హము కాలేదనియు, పిమ్మట శివుడు ఉమాసహితుడై ఏకశిలయందు వెలసెననియు స్థలపురాణము. అచటి మండపములోని బసవన్న నానాటికి పెరుగుచున్నాడని జనుల విశ్వాసము. పూర్వము చుట్టును ప్రదక్షిణము చేయుటకు చోటుండెడిదనియు, ఇప్పుడది చాలకున్నదనియు వారు చెప్పుదురు. ఆ బసవన్న కలియుగాంతమున లేచి రంకె వేయునని పోతులూరి వీరబ్రహ్మము కాలజ్ఞానము చెప్పినట్లు ప్రతీతి.

ఇరువది ఏండ్లకొక అంగుళము చొప్పున ఈ నంది పెరుగుచున్నదని తరచుగా వినవచ్చును. ఆ లెక్క నిజమైనచో 300 ఏండ్లలో 15 అంగుళములు పెరిగియుండవలెను. మండపమునుండి వేరుపడి యున్న చెక్కిన రాయి లోపలినుండి తనంతట పెరుగుటకు తగిన కారణము కానరాదు. పైనుండి సున్నము పేరుకొని పెరిగినదందుమా, ఉలిగీతలు పూడిపోవలసియుండును.

అయినను ఈ విశ్వాసము నిరాధారమని త్రోసివేయుటకు మేమొల్లము. భూవిజ్ఞానులు కర్నూలు శిలావర్గములోని శ్రేణులకు బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అను ఈ సీమ ఊళ్ల పేర్లే పెట్టిరి. వీనిలో సున్నపురాతి పొరలు విస్తారము. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాతిని కరగించును. ఆ నీరు గుహలో బొట్టుబొట్టుగా జారునపుడు వాయువు వీడిపోగా సున్నము మరల గట్టిపడును. కొలిమిగుండ్ల సమీపమున 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేర్కొన్న బెలుం గుహలలో ఇట్లేర్పడిన రాతిమొలకలను ప్రజలు కోటిలింగములనిరి. అనగా రాయి పెరుగుట ఈ సీమలో కట్టుకథ కాదు. గుహలలో నిత్యము జరుగుచున్న క్రియ.

గుహలలో జూచిన ఈ సత్యమును జనులు గుడిలోని నందికి అన్వయించిరని మా యూహ. ఊహ ఊహయే గాని నిర్ణయము గాదు. పీఠముపై చెరగని గుర్తులుంచి తరతరముల కొలతలు వ్రాసియుంచినగాని నంది సంగతి తేలదు. ఆ కొలతలు పెరుగుదలను కాదన్నను ఈ కథ విలువ తగ్గదు. కొండల స్వభావమును పుస్తకములు లేకయే గమనించిన ప్రజల చూపునకు అది సాక్ష్యము.