కారుకు తోక తగిలించిన కథ

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొత్త ఎస్‌యూవీ కొన్నాక, వేసవి సెలవులు దగ్గరపడేసరికి దాని వెనక్కి వెళ్లి ఓసారి వంగి చూస్తారు. పిల్లల సైకిళ్లు తగిలించాలి, లేదా ఇల్లు మారడానికి చిన్న ట్రైలర్ అద్దెకు తెచ్చుకోవాలి. బ్రోషర్‌లో ‘5,000 పౌండ్లు లాగుతుంది’ అని ఉంది. వెనక మాత్రం నున్నటి ప్లాస్టిక్ బంపర్ తప్ప పట్టు దొరికే చోటే లేదు. లాగే శక్తిని అమ్మారు సరే, తగిలించుకునే కొక్కెం ఏదీ?

ఆ కొక్కేన్నే హిచ్ అంటారు. బంపర్ కింద చదరపు నోరున్న ఉక్కు గొట్టం, అందులో దూర్చే కడ్డీ, కడ్డీ చివర ఒక బంతి. అదనంగా డబ్బు కడితే కంపెనీయే బిగించి ఇస్తుంది. లేకపోతే బయట కొని మనమే బిగించుకోవాలి. వందేళ్లు దాటినా వ్యవహారం ఇలాగే నడుస్తోంది. కారు పుట్టింది మనుషుల్ని మోయడానికి. దానితో ఇంకేదో లాగించాలన్న కోరిక ఎప్పుడూ కొన్నవాడికే పుట్టింది. తయారుచేసినవాడు చాలాకాలం ఆ సంగతి తనకు పట్టనట్టే ఉన్నాడు. హిచ్ చరిత్రంతా ఈ పేచీయే.

పేచీ మొదట తీర్చినవాళ్లలో ఒక కమ్మరి ఉన్నాడు. 1914లో డెట్రాయిట్‌లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారికి తన పడవను వేసవి విడిదికి తీసుకెళ్లాలనిపించింది. చేతిలో ఉన్నది ఫోర్డ్ మోడల్ టి. దాని శక్తి అంతా కలిపి ఇరవై గుర్రాలు. గుర్రాలకు నాడాలు కొట్టి, బండ్లు చేసిపెట్టే ఆగస్ట్ ఫ్రూహాఫ్ కొలిమికి వెళ్లి ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఫ్రూహాఫ్ కారు వెనక భాగం తీయించి, చట్రానికే పట్టు అమర్చి, రెండు చక్రాల పడవబండిని దానికి తగిలించాడు. ముందు బరువు కారు మీద, వెనక బరువు బండి సొంత చక్రాల మీద. దానికి సెమీ ట్రైలర్ అని పేరు పెట్టాడు. పని కుదిరింది. సిబ్లీ తన కలప అడితికి కూడా అలాంటివి చేయించుకున్నాడు. 1918లో ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీ వెలిసింది. ఇవాళ హైవేల మీద పోయే పద్దెనిమిది చక్రాల లారీల వంశవృక్షంలో ఆ పడవబండికి ముందు వరసలోనే చోటుంది.

లారీలు ఆ దారిన పోయాయి. షికార్ల కథ వేరు. 1919లో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో, డి సోటో పార్కులో, కార్ల మీద ఊళ్లు తిరిగే జనం ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు టిన్ క్యాన్ టూరిస్ట్స్. రేడియేటర్ మూతకు ఒక రేకు డబ్బా అతికించుకోవడం వాళ్ల గుర్తు. గుడారాలు, మంచాలు, వంట సామాను కారులో పట్టక చాలామంది వెనక చిన్న బండి తగిలించుకునేవారు. విమానయాన మార్గదర్శి గ్లెన్ కర్టిస్ కూడా ఈ మోజులో పడ్డాడు. 1920ల చివర్లో ఆయన తెచ్చిన ఏరోకార్ అనే ట్రైలర్ హిచ్‌లో గాలి నింపిన టైరును పడుకోబెట్టి కుదుపులు తగ్గించాడు. డబ్బున్నవాళ్లకే అందిన సుఖం అది.

మధ్యతరగతికి దారి చూపింది డెట్రాయిట్‌కే చెందిన సూక్ష్మజీవశాస్త్రవేత్త ఆర్థర్ షెర్మన్. 1929లో ఆయన అంగట్లో కొన్న గుడారపు ట్రైలర్‌తో కుటుంబాన్ని షికారుకు తీసుకెళ్లాడు. నిమిషాల్లో లేచి నిలబడుతుందని అమ్మినవాళ్లు చెప్పిన గుడారం వాన మొదలయ్యాక ఎంతకీ లేవలేదు. అందరూ తడిసి ముద్దయ్యారు. తిరిగొచ్చి గట్టి గోడలున్న పెట్టెలాంటి ట్రైలర్ చేయించాడు. వలసకాలపు గూడుబండిని తలపిస్తోందని ఇంట్లో పిల్లలు దాన్ని కవర్డ్ వ్యాగన్ అన్నారు. అదే కంపెనీ పేరైంది. ఆ పేరుతో 1930 జనవరిలో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనకు ఎక్కింది. ఆరేళ్లు తిరిగేసరికి దేశంలో అంత పెద్ద ట్రైలర్ తయారీదారు లేడు. ఆర్థిక మాంద్యం జనాన్ని నమిలేస్తున్న రోజుల్లో ఇది జరగడమే ఆశ్చర్యం.

అదే కాలంలో జర్మనీలోనూ పని నడిచింది. ఈస్నీ పట్టణంలో కొరడాలు, స్కీ కర్రలు చేసే అరిస్ట్ డెట్‌లెఫ్స్ సరుకు అమ్ముకోవడానికి నెలల తరబడి ఊళ్లు తిరిగేవాడు. ఆయన్ని పెళ్లాడబోయే చిత్రకారిణి తనూ వస్తానంది. 1931లో ఆమె కోసం కారు వెనక కట్టుకునే ఇల్లు కట్టాడు. జర్మనీలోనే వెస్ట్‌ఫాలియా కంపెనీ 1930ల తొలి సంవత్సరాల్లో బంతి కొక్కేన్ని రూపుదిద్దింది. బంతిలోనే ఉంది తెలివంతా. మేకు దింపిన పట్టు అయితే బండి ఎడమకూ కుడికీ తిరుగుతుంది, అంతే. రోడ్డు పల్లమైనా మిట్టైనా, ఒక చక్రం గుంతలో దిగినా మేకు మెలిపడుతుంది. బంతి మీద కూర్చున్న గిన్నె ఎటైనా తిరుగుతుంది. యూరప్‌లో ఆ బంతి వ్యాసం 50 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. అమెరికాలో మాత్రం 1⅞, 2, 2⁵⁄₁₆ అంగుళాల బంతులు మూడూ ఈనాటికీ అమ్ముతున్నారు. 2 అంగుళాల గిన్నె 1⅞ బంతి మీద కూర్చున్నట్టే కనిపించి, దారిలో గతుకు తగలగానే లేచిపోతుంది. బంతి నెత్తిన కొలత చెక్కి ఉండేది అందుకే.

యుద్ధం ముగిసిన వేసవిలో, 1945లో, లాస్ ఏంజెలెస్ నుంచి పోర్ట్‌లాండ్‌కు కాపురం మార్చుకుంటున్న ఓ జంటకు ఒకవైపు ప్రయాణానికి అద్దె ట్రైలర్ దొరకలేదు. నౌకాదళం నుంచి బయటికొచ్చిన శామ్ షోయెన్, ఆయన భార్య అన్నా మేరీ. అలాంటి ట్రైలర్లు తామే ఇస్తే పోలా అనుకున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని రిడ్జ్‌ఫీల్డ్‌లో, అన్నా మేరీ పుట్టింటి పశువుల క్షేత్రంలో ట్రైలర్లు చేసి నారింజరంగు పూశారు. రోజుకు రెండు డాలర్లు అద్దె. అదే యూ-హాల్. యూనివర్సిటీ చదువుకు అమెరికా వెళ్లి, ఉద్యోగం వచ్చి మరో రాష్ట్రానికి పరుపులు మోసుకుపోయిన తెలుగు కుర్రాళ్లలో ఆ నారింజరంగు పెట్టె తెలియనివాళ్లు అరుదు.

మరి ట్రైలర్ అద్దెకు తీసుకోవడానికి వచ్చే ప్రతి కారుకూ హిచ్ ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజుల్లో కార్ల బంపర్లు మందపాటి ఉక్కు పట్టీలు, నేరుగా చట్రానికి బిగించి ఉండేవి. బంపర్ పై అంచుకో కొక్కెం, కింది అంచుకో కొక్కెం తొడిగి, మధ్య బోల్టు బిగిస్తే చాలు. తిరిగిచ్చేటప్పుడు ఊడదీసి ఇచ్చేయడమే. దేశమంతా దాదాపు మూడు దశాబ్దాలు ఇలా నడిచింది.

చిక్కు 1973లో వచ్చింది. ఆ ఏడాది మోడళ్ల నుంచి, నెమ్మదిగా గుద్దుకున్నా లైట్లూ బ్రేకులూ దెబ్బతినని బంపర్లు పెట్టాలని ప్రభుత్వం శాసించింది. ముందు వైపు గంటకు 5 మైళ్ల వేగం, వెనక వైపు మొదట రెండున్నర, మరుసటేడు అదీ 5. అందుకోసం బంపర్ వెనక దెబ్బను మింగే పరికరాలు చేరాయి. లోపలికి నొక్కుకుపోవడమే పనిగా పెట్టుకున్న బంపర్‌కు బండి కట్టి లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తర్వాత పైకి కనిపించే ఉక్కు పోయి దాని చోట ప్లాస్టిక్ తొడుగు వచ్చింది, లోపల నురగ దిమ్మ. హిచ్ బంపర్‌ను వదిలి కారు అడుగుకు దిగాల్సి వచ్చింది. ప్రతి మోడల్‌కూ రంధ్రాలు వేరు, కొలతలు వేరు. ‘నా కారుకు సరిపోయే హిచ్ ఏది?’ అనే వెతుకులాట అసలు మొదలైంది ఇక్కడే. యూ-హాల్ కూడా అద్దె పెట్టెలతో పాటు హిచ్‌లు బిగించే వ్యాపారంలోకి దిగింది.

మన పొలాల్లోని ట్రాక్టరును ఇక్కడ ఓసారి తలుచుకోవాలి. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ మనిషి నాగలిని ట్రాక్టరు వెనక మూడు చేతుల అమరికతో ఒంట్లో భాగం చేసి, 1938లో హెన్రీ ఫోర్డ్‌కు చూపించాడు. ఇద్దరూ కాగితం రాసుకోకుండా చేతిలో చెయ్యేసుకున్నారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. నేడు గుంటూరు జిల్లాలో దుక్కి దున్నే ట్రాక్టరు వెనకా ఆ మూడు చేతులే ఉంటాయి. వెనక ఏం తగిలిస్తారో ముందే ఆలోచించి చేసిన యంత్రం అది. కారుకు ఆ భాగ్యం పట్టలేదు.

ఎస్‌యూవీలొచ్చాక పట్టిందనుకున్నారు. మొదటి తరం ఎస్‌యూవీలకు లారీల్లాగే విడిగా చట్రం ఉండేది. 1984 మోడల్ జీప్ చెరొకీ చట్రాన్నీ ఒంటినీ ఒకటిగా కలిపేసింది. తర్వాత చాలామంది అదే బాట పట్టారు. 2011 మోడల్ నుంచి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కూడా. ఈ ఎక్స్‌ప్లోరర్‌దే ఓ విచిత్రం. పాత మోడళ్ల ప్రమాదాల దావాలు తడిసి మోపెడవడంతో, 2003 డిసెంబరులో యూ-హాల్ వాటికి ట్రైలర్లు ఇవ్వడమే మానేసింది. బండిలో లోపముందని కాదు, కోర్టు ఖర్చులు భరించలేకేనని చెప్పింది. కొత్త నిర్మాణమున్న 2011, ఆ తర్వాతి మోడళ్లకు 2013లో ఆంక్ష ఎత్తేసింది.

చట్రం లేని కొత్త ఎస్‌యూవీకి హిచ్ బిగించడం చూస్తే ఈ చరిత్రంతా కళ్లముందు విప్పినట్టుంటుంది. చాలా మోడళ్లలో ముందుగా వెనక బంపర్ తొడుగు ఊడదీయాలి. చక్రాల గూడు దగ్గర మరలు, అడుగున ప్లాస్టిక్ బిళ్లలు, దీపాల పక్కన దాగిన పట్లు. లాగేటప్పుడు పటపటమని చప్పుడొస్తుంది, కొత్త కారు కొన్నవాడి గుండెలో రాయి పడేది అప్పుడే. పార్కింగ్ సెన్సర్ల తీగ ఊడదీయడం మరిచిపోతే తొడుగుతో పాటు తీగా వస్తుంది. లోపల దెబ్బ కాసే అడ్డదూలం బయటపడుతుంది. కొన్నిటిలో దాన్ని తీసేసి హిచ్‌నే ఆ చోట పెడతారు, కొన్నిటిలో రెండూ కలిపి బిగిస్తారు.

ఇంకొన్నిటిలో రెండు పక్కలా పొడుగ్గా మూసుకుపోయిన ఉక్కు గొట్టాలుంటాయి. బోల్టు లోపలి నుంచి రావాలి, చెయ్యి మాత్రం దూరదు. అందుకని చివర చుట్ట తిప్పిన సన్నటి తీగను బోల్టు రంధ్రంలోంచి పెద్ద కంత దాకా పోనిస్తారు. ఆ చుట్టకు బోల్టు మర తిప్పి, బోల్టుతో వచ్చే ఉక్కు దిమ్మతో సహా లోపలికి వదిలి, ఇవతల్నుంచి మెల్లగా లాగుతారు. పైజామాలో బొందు ఎక్కించినట్టే. తీగ జారితే బోల్టు గొట్టంలో పడిపోయి, జీవితాంతం మలుపు మలుపుకూ గలగలలాడుతుంది. బోల్టులన్నీ వచ్చాక హిచ్ ఎత్తిపట్టడానికి ఇంకో మనిషి ఉండి తీరాలి. టార్క్ రెంచ్‌తో చెప్పినంతే బిగించాలి.

అక్కడికి ఇనుము పని పూర్తవుతుంది. మిగిలింది కరెంటు. ట్రైలర్ దీపాలకు నాలుగు తీగల పట్టీ: తెలుపు ఎర్తు, గోధుమరంగు వెనక దీపాలు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బ్రేకులున్న పెద్ద ట్రైలర్‌కు ఏడు తీగల ప్లగ్గు. పాతకాలపు కారులో తీగ కోసి ముడేస్తే సరిపోయేది. ఇప్పుడలా చేస్తే కారు కంప్యూటర్ గగ్గోలు పెడుతుంది. మోడల్‌కు తగ్గ మాడ్యూల్ కొని బ్యాటరీ నుంచి విడిగా తీగ లాగాలి. ఓపిక ఉన్నవాడికి ఇనుము పని ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. కరెంటు పని మెకానిక్‌కు అప్పగించడమే మేలని నా అభిప్రాయం.

ఇక మొదట్లో చెప్పిన ఆ 5,000 పౌండ్ల అంకె సంగతి. చాలాకాలం అది కంపెనీల ఇష్టారాజ్యం. పోటీదారు కంటే వంద పౌండ్లు ఎక్కువ రాసుకుంటే అడిగేవాడు లేడు. 2008లో అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ, జె2807 అనే ప్రమాణం ప్రచురించింది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర్నుంచి కొండెక్కే 11.4 మైళ్ల రోడ్డు దీనికి పరీక్షా స్థలం. మండుటెండలో, ఏసీ పూర్తిగా పెట్టి, చెప్పిన బరువు లాగుతూ నిర్ణీత వేగానికి తగ్గకుండా ఎక్కాలి. కంపెనీలన్నీ తల ఊపి ఊరుకున్నాయి. మొదట ఆచరణలో పెట్టింది టయోటా. దాని ఫలితంగా 2011 టండ్రా పికప్ అంకెలు తగ్గాయి. నిజం చెప్పినందుకు అమ్మకాల కాగితంలో నష్టపోయిన కంపెనీని మెచ్చుకోవాల్సిందే. మిగతావాళ్లు కొన్నేళ్ల తర్వాత వెంట నడిచారు.

మన దేశంలో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. బండికి కంపెనీ ఇచ్చిన రూపం మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. కాబట్టి హిచ్ కొనకముందే ఆర్టీవో కార్యాలయంలో అడగండి.

అమెరికాలో ఉన్నవారు మాత్రం హిచ్ మీద చెక్కిన అంకె చూసి మురిసిపోకండి. హిచ్, బంతి, కారు, మూడింటిలో ఏది తక్కువ మోస్తుందో అదే లెక్క. ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా హిచ్ మీదే దిగుతుంది. 5,000 పౌండ్ల ట్రైలర్ అంటే కనీసం 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోలు. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితంలో మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని రాసి ఉంటుంది కదా, ఈ 227 కిలోలూ అందులోంచే పోతాయి. 2025 మోడల్ టయోటా రావ్4 హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పిన పరిమితి 1,750 పౌండ్లు. దానికి రెండంగుళాల నోరున్న హిచ్ ఎంత గట్టిది బిగించినా ఆ అంకె పెరగదు. పెద్ద రేడియేటరూ గేర్‌బాక్సు చల్లబరిచే కూలరూ ఫ్యాక్టరీలో పెట్టే ప్యాకేజీలోనే వస్తాయి గనక, ట్రైలర్ లాగే ఉద్దేశం ఉంటే ఆ ముక్క కారు బుక్ చేసేటప్పుడే డీలర్‌కు చెప్పండి.